బోడెమ్మకి నూటికి పది

ఆ ఊరి పెద్దాసుపత్రికి పరాయి భాషల రోగులతో ఏనాడూ చిక్కు రాలేదు. చిక్కు రాకపోవడమే చివరికి పెద్ద చిక్కయి కూర్చుంది.

ఊరు సముద్రం ఒడ్డున, రైలు దారి మీద ఉంది. ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి, నేపాల్ నుంచి, పైనున్న కొండల నుంచి పనుల కోసం వచ్చే జనం ఎక్కువ. వాళ్ళకీ జ్వరాలొస్తాయి, వాళ్ళ కాళ్ళూ విరుగుతాయి. అలాంటప్పుడు వార్డు నర్సు కిటికీలోంచి తల బైటపెట్టి "సాహూ!" అని ఒక్క కేక వేసేది. గేటు పక్కన టీ కొట్టు పెట్టుకున్న కైలాస్ సాహు పొంగబోతున్న పాలు దింపేసి పరిగెత్తుకొచ్చేవాడు. ఒడియా రోగి చెప్పింది తెలుగులో చెప్పి, డాక్టరు చెప్పింది ఒడియాలో చెప్పి, వెళ్ళి మళ్ళీ పాలు పొయ్యి మీద పెట్టుకునేవాడు. నేపాలీ వాళ్ళొస్తే ఎదురు బ్యాంకు వాచ్‌మన్ దల్‌బహదూర్. మార్వాడీ వాళ్ళొస్తే బట్టల కొట్టు మాంగీలాల్. కొండ మీది సవరలొస్తే, ఆసుపత్రి గోడ వారన కొండచీపుళ్ళు అమ్ముకునే సవర బోడెమ్మ. వీళ్ళని స్వచ్ఛంద సేవకులని ఎవరూ అనలేదు. అనుంటే వాళ్ళే కంగారుపడి పారిపోయేవాళ్ళు.

ఇలా సుఖంగా సాగిపోతుండగా రాజధాని నుంచి ఒక పెద్దాయన తనిఖీకి వచ్చాడు. సాహు ఒక కాలు విరిగిన మేస్త్రీతో ఒడియాలో మాట్లాడుతూ నవ్విస్తుంటే చూశాడు. "అద్భుతం! ఇది బహుళ సంస్కృతుల సంగమం! దీన్నిలా గాలికి వదిలెయ్యకూడదు!" అన్నాడు. ఆ మాట అనకుండా ఆ పూటకి భోంచేసి వెళ్ళిపోయుంటే ఎంత బాగుండేది!

మూడు వారాలు తిరక్కుండా కొత్త విభాగం వెలిసింది. పేరు "బహుళ సంస్కృతి స్వచ్ఛంద సేవకుల సహాయ, సమన్వయ మరియు నిబంధనల అమలు విభాగం". బోర్డు మరీ పొడుగైపోయి తలుపు మీద పట్టక పక్కనున్న ఎక్స్‌రే గది తలుపు మీదికి కూడా పాకింది. అప్పట్నుంచి ఎక్స్‌రే కోసం వచ్చినవాళ్ళు సగంమంది ఇక్కడికొచ్చి చొక్కాలు విప్పి నిలబడేవాళ్ళు.

విభాగానికి అధికారి చిదానందమూర్తి గారు. ఆయన చెడ్డమనిషి కాడు, ఆ మాట ముందే చెప్పేయాలి. లంచం ముట్టడు, కోపగించుకోడు, ఆలస్యంగా రాడు. కాయితం మీద లేనిది ఆయన కళ్ళకి ఆనదు, అంతే. ఆయన కింద నూకరత్నం. ఇరవై రెండేళ్ళు జనన మరణాల సెక్షన్లో పని చేసింది. పుట్టినవాళ్ళకీ పోయినవాళ్ళకీ కాయితాలిచ్చిన చెయ్యి అది. మధ్యలో బతికున్నవాళ్ళతో వ్యవహారం ఆమెకిదే మొదలు.

"నూకరత్నం గారూ, మీ కర్తవ్యం చాలా పవిత్రమైనది" అన్నారు చిదానందమూర్తి మొదటిరోజు. "సేవ చేయగోరు వ్యక్తి నిబంధనల అడవిలో దారి తప్పకుండా మీరు చేయి పట్టి నడిపించవలెను."

"ఆ అడవి ఎవరు నాటారండీ?" అంది నూకరత్నం.

"మనమే. అందుకే దారి చూపగల అర్హత కూడా మనకే ఉన్నది" అన్నారాయన.

అడవి పదకొండు ఫారాలది. మొదటిది, సేవ చేయడానికి ఇష్టపడుతున్నట్టు. రెండోది, ఆ ఇష్టం ఎవరి బలవంతం వల్లా కలగలేదని. మూడోది, బలవంతం చేయలేదని ఇద్దరు సాక్షులు. నాలుగోది, సాక్షుల్ని ఎవరూ బలవంతం చేయలేదని. ఆరో ఫారంలో "మీ సంస్కృతి ఏది? ఒక్కటి మాత్రమే గుర్తించండి" అని ఉంది. దాని దగ్గర దల్‌బహదూర్ ఇరుక్కుపోయాడు. ముప్ఫయ్యేళ్ళ కిందట వచ్చినవాడు. భార్యది అనకాపల్లి. ఉగాదికి పచ్చడి, దసరాకి నేపాలీ పద్ధతిలో నుదుట అక్షింతల బొట్టు, రెండూ ఉన్న ఇల్లు.

"ఒకటే రాయాలంటే ఇంట్లో గొడవైపోద్ది మేడమ్" అన్నాడు. ఫారం ఇంటికి తీసుకెళ్ళాడు. గొడవయింది.

మాంగీలాల్ గతి ఇంకా అన్యాయం. ఆయన ఈ ఊళ్ళోనే పుట్టాడు. ఆయన తాతా ఈ ఊళ్ళోనే పుట్టాడు. ఇంటర్వ్యూలో ఆయన తెలుగు విన్న చిదానందమూర్తి బాధగా తల అడ్డంగా తిప్పారు. "భిన్నత్వం చాలదు" అని రాశారు. మరుసటి వారం మాంగీలాల్ జన్మలో ఎన్నడూ కట్టని తలపాగా కట్టుకొచ్చాడు. "భిన్నత్వంలో సంతృప్తికరమైన పురోగతి" అని రాశారు.

సాహుని మూడు రోజుల శిక్షణకి పంపారు. "రోగితో చిరునవ్వు: సూత్రాలు, హద్దులు" అన్నది విషయం. ఆ మూడు రోజులూ టీ కొట్టు మూతపడింది. డాక్టర్లంతా తలనొప్పితో పని చేశారు. తిరిగొచ్చాక సాహు నవ్వడం పూర్తిగా మానేశాడు. హద్దు ఎక్కడ దాటుతానో అని భయం.

శిక్షణ, ఫారాలు, పరిశీలన అన్నీ అయ్యేదాకా ఎవరూ వార్డులో నోరు విప్పకూడదని వార్డుల్లో బోర్డులు పెట్టారు. "అనుమతి పొందని భాషలు ఇచ్చట మాట్లాడరాదు." గేటు దగ్గర గార్డులకి హుకుం వెళ్ళింది. ఒక నర్సు అలవాటు కొద్దీ కిటికీలోంచి "సాహూ!" అని అరిచినందుకు మెమో అందుకుంది. నెలాఖరు నివేదికలో చిదానందమూర్తి ఇలా రాశారు. దరఖాస్తు చేసినవారు నలుగురు. పరిశీలనలో ఉన్నవారు నలుగురు. అతిక్రమణలు లేవు. సేవలు కూడా లేవు.

రాజధాని నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది.

సోమవారం పొద్దున సుంబారి అనే ముసలావిడని స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. ఒడిశా సరిహద్దు కొండల్లోంచి జీడిపిక్కల పనికి వచ్చిన గుంపులోదట. గుంపు మేస్త్రీ ఆమె పేరు చెప్పి, సవర మనిషని చెప్పి, రైలుకి టైమైపోతోందని వెళ్ళిపోయాడు. కడుపులో పేగు మెలిపడిందని స్కానింగులో తేలింది. ఆపరేషన్ చెయ్యాలి. కానీ మత్తు సూది చూడగానే ముసలావిడ మంచం దిగిపోతోంది. గోడకి ఆనుకుని నిలబడి, రెండు చేతులూ అడ్డం పెట్టి, ఏదో చెప్తోంది. చెప్పిందే చెప్తోంది. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కావడం లేదు.

సర్జన్ డాక్టర్ తబస్సుం తిన్నగా నూకరత్నం దగ్గరికే వచ్చింది.

"రత్నం గారూ, ఆవిడ ఊరికే భయపడట్లేదు. ఏదో విషయం చెప్తోంది. అదేంటో తెలియకుండా మత్తివ్వడానికి నాకు ధైర్యం చాలట్లేదు. బుధవారం దాటిందంటే పేగు కుళ్ళిపోతుంది. మనిషి దక్కదు. ఆ చీపుళ్ళ బోడెమ్మ ఏదీ?"

బోడెమ్మ ఎక్కడికీ పోలేదు. గోడకి అవతల, ఇరవై అడుగుల దూరంలో, చీపుళ్ళ మధ్య కూర్చుని ఉంది. నూకరత్నం వెళ్ళి చెప్పగానే లేచి చీర దులుపుకుంది.

"పదండి రత్నమ్మగోరూ. మా మనిసి ఏడుత్తుంటే నాను సీపుర్లు అమ్ముకుంటూ కూకుంతానా?"

గేటు దగ్గర గార్డు ఆపేశాడు. కార్డు ఏదన్నాడు. బోడెమ్మకి కార్డు లేదు. పదకొండు ఫారాల్లో పది అయ్యాయి. పదకొండోది, మాతృభాషలో ప్రావీణ్యం ఉన్నట్టు ధ్రువపత్రం, ఇంకా రాలేదు.

నూకరత్నం చిదానందమూర్తి గదిలోకి దూసుకెళ్ళింది. విషయమంతా గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి కూడా.

"మానవత్వానికి నేను వ్యతిరేకిని కాను నూకరత్నం గారూ. కానీ అది ప్రొఫార్మాలో లేదు. ఆమెకు సవర భాష వచ్చునని మనకు ఏమి ఆధారము?"

"ఆవిడ సవరండీ! పుట్టినప్పట్నుంచీ అదే మాట్లాడుతోంది!"

"అది ఆమె చెప్పుచున్న మాట. మరి ధ్రువపత్రమెవరిచ్చెదరు?"

"పరీక్ష పెట్టండి. ఈరోజే పెట్టండి" అంది నూకరత్నం. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆమె అధికారితో అంత గొంతు పెంచి మాట్లాడింది లేదు.

పరీక్ష అనే మాట వినగానే చిదానందమూర్తి మొహం విప్పారింది. మంగళవారం పది గంటలకి బోర్డు కూర్చుంది. చిదానందమూర్తి అధ్యక్షులు. స్టోర్స్ సూపరింటెండెంటు ఒక సభ్యుడు. అంబులెన్సుల లెక్క చూసే ఆయన ఇంకో సభ్యుడు. ముగ్గురిలో ఎవరికీ సవర రాదు.

"ప్రశ్న మనము తెలుగులో వేసెదము. అభ్యర్థిని సవరలో జవాబు చెప్పవలెను. మధ్యన ఒక దుబాసీ అవసరము" అన్నారు అధ్యక్షులు. "ఆసుపత్రికి దగ్గరలో సవర వచ్చిన దుబాసీ ఎవరున్నారు?"

"బోడెమ్మ" అంది నూకరత్నం.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నిబంధనల పుస్తకం తిరగేశారు. అభ్యర్థి దుబాసీగా ఉండరాదని ఎక్కడా లేదు. ఒకే కుర్చీలో రెండు హోదాలు ఉండరాదని మాత్రం ఉంది. వెంటనే రెండో కుర్చీ తెప్పించారు.

పరీక్ష మొదలైంది. అధ్యక్షులు "నీ గ్రామము ఎట్లుండును?" అని అడిగారు. బోడెమ్మ దుబాసీ కుర్చీలో కూర్చుని ఆ ప్రశ్నని సవరలో అడిగింది. లేచి అభ్యర్థిని కుర్చీలోకి వెళ్ళి సవరలో జవాబు చెప్పింది. మళ్ళీ లేచి దుబాసీ కుర్చీలోకొచ్చి, "బాగుంటాదంటండి" అంది.

"ఎవరన్నారు?"

"ఆ కుర్సీలోది బాబూ."

పదో ప్రశ్నకి బోడెమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. పన్నెండో ప్రశ్నకి, "మీరొక్కటి సెప్పండి బాబూ. ఆ ముసిల్ది బతికుండాలా, నాను పేసవ్వాలా?" అని అడిగేసింది. స్టోర్స్ ఆయన ఆ మాటని ఏ కుర్చీ ఖాతాలో రాయాలో తెలియక కలం పట్టుకుని అలా ఉండిపోయాడు.

మధ్యాహ్నం తీర్పు వచ్చింది. అభ్యర్థిని జవాబులు తృప్తికరమేనని దుబాసీ వాంగ్మూలం. కానీ అభ్యర్థినికీ దుబాసీకీ మధ్య దగ్గరి సంబంధం ఉన్నట్టు బోర్డు అనుమానిస్తోంది. కాబట్టి స్వతంత్ర పరీక్షకుడు కావాలి. రాజధానికి రాస్తే ఆరు వారాల్లో పంపుతారు.

పైన వార్డులో ముసలావిడ మూలుగు మెట్ల దాకా వినిపిస్తోంది. నూకరత్నం మెట్ల మీదే చతికిలబడింది. నిబంధనల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, కసితో, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. అలాంటి పుస్తకాన్ని ఎవరైనా చివరిదాకా చదువుతారని రాసినవాడు కూడా ఊహించి ఉండడు. నాలుగింటికి లేచి చిదానందమూర్తి గదిలోకి వెళ్ళింది. ఈసారి గొంతు పెంచలేదు. ఆయన భాషలోనే మాట్లాడింది.

"అయ్యా, పద్నాలుగవ నిబంధనను పురస్కరించుకొని మనవి చేయునదేమనగా, స్వతంత్ర పరీక్షకుడు సదరు భాష మాతృభాషగా గలవాడై, అభ్యర్థితో పరిచయం లేనివాడై, ఆసుపత్రి ఆవరణలో అందుబాటులో ఉండవలెను. అట్టి వ్యక్తి ఒకరు మన ఆవరణలోనే గలరు."

"ఎవరు? ఎక్కడ?"

"ఆడవాళ్ళ సర్జికల్ వార్డు, ఏడో నెంబరు మంచమండి."

చిదానందమూర్తి నిలువునా లేచి నిలబడ్డారు. "అమోఘము! నిబంధన తన్ను తానే రక్షించుకొన్నది!" అన్నారు. గంటలో ఉత్తర్వు తయారైంది. సుంబారి అనే రోగిని బోర్డు తరఫున బయటి పరీక్షకురాలిగా నియమించారు. నియామకపు కాయితం మీద ముసలావిడ వేలిముద్ర తీసుకున్నారు. అదేదో మత్తు సూదికి సంబంధించిన కాయితమనుకుని ఆమె చెయ్యి లాక్కోబోయింది కూడా.

బుధవారం పొద్దున ఎనిమిదికి బోర్డు మంచం చుట్టూ కుర్చీలేసుకుని కూర్చుంది. బోడెమ్మకి హాల్‌టికెట్ ఇచ్చారు. గార్డు హాల్‌టికెట్ చూసి సెల్యూట్ కొట్టి లోపలికి పంపాడు. వ్యవధి ముప్పావుగంట. అధ్యక్షులు గడియారం చూసి "మొదలు" అన్నారు.

బోడెమ్మ మంచం మీదికి వంగి ఒక్క మాట అంది. ఏమందో బోర్డుకి తెలియదు. ముసలావిడ రెండు రోజులుగా గోడకేసి తిప్పుకున్న మొహాన్ని ఇటు తిప్పింది. బోడెమ్మ చేతిని గట్టిగా పట్టేసుకుని మాట్లాడటం మొదలుపెట్టింది. మాట్లాడుతూ ఏడ్చింది, ఏడుస్తూ మాట్లాడింది. బోడెమ్మా ఏడ్చింది.

"అభ్యర్థిని పరీక్షలో ఏడ్వవచ్చునా?" అని స్టోర్స్ ఆయన మెల్లగా అడిగాడు. పుస్తకంలో లేదు. తలుపు దగ్గర నిలబడి వింటున్న నూకరత్నానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

ముప్పావుగంట కాగానే బోడెమ్మ లేచి డాక్టర్ తబస్సుం వైపు నడిచింది. చిదానందమూర్తి అడ్డం వచ్చారు.

"ఆగవలెను! ఫలితములు వెలువడువరకు పరీక్షలో జరిగినది గోప్యము!"

"గోప్యమంటే ఏటి బాబూ?" అంది బోడెమ్మ. ఆయన వివరించడానికి నోరు తెరిచేలోపు డాక్టరుకి చెప్పేసింది. "అమ్మా, రెండేళ్ళ కిందట ఒడిశాలో ఈవిడికి గడ్డ కోసినారంట. మత్తు సూదెయ్యగానే ఊపిరి ఆగిపోయిందంట. మూడ్రోజులు మనిసికి తెలివి లేదంట. ఇంకోపాలి ఆ సూదేస్తే ఇక లేవవని అక్కడి డాకటేరు సెప్పినాడంట. అదే సెప్తంది రెండ్రోజుల్నించి. కొయ్యొద్దనట్లేదు, ఆ సూదొద్దంతంది."

డాక్టర్ తబస్సుం మొహం పాలిపోయింది. సోమవారమే నలుగురు పట్టుకుని ఆ సూది వేసేద్దామని ఒకాయన సలహా ఇచ్చాడు. ఆమె బోడెమ్మ భుజం మీద చెయ్యి వేసి, మత్తు డాక్టరు గదికి పరిగెత్తింది. మందు మార్చారు. పదకొండింటికి ఆపరేషన్ అయింది. సాయంత్రానికి ముసలావిడ కళ్ళు తెరిచింది.

అందరూ అంత సంతోషంలో ఉండగా చిదానందమూర్తి మార్కుల పట్టీ తీసుకుని గురువారం ఏడో నెంబరు మంచం దగ్గరికి వచ్చారు. తన మార్కుల విషయంలో అభ్యర్థిని నోరు విప్పరాదంటూ, నూటికి ఎన్ని వేస్తారని సైగలతోనే అడిగారు. ఫలితం వినడానికి పిలిపిస్తే వచ్చి ఆ పక్కనే నిలబడ్డ బోడెమ్మని సుంబారి చూసింది. నీరసంగా ఉన్నా రెండు చేతులూ పైకెత్తి, ఉన్న వేళ్ళన్నీ చాపి చూపించింది. ఇంతకు మించి నా దగ్గర లేవన్నట్టు వాటిని ఆడించింది కూడా.

చిదానందమూర్తి వేళ్ళు లెక్కపెట్టారు. "నూటికి పది. అభ్యర్థిని పరీక్ష తప్పినది" అని రాసి ముద్ర వేశారు.

"అయ్యా! ఆవిడ ఉద్దేశం అన్నీ వేసెయ్యమని!" అని మొత్తుకుంది నూకరత్నం.

"ఉద్దేశములను లెక్కించుటకు పట్టీలో గడి లేదు" అన్నారాయన, నిజంగానే నొచ్చుకుంటూ.

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. నిండు ప్రాణం నిలబెట్టిన మనిషికి సొంత భాషలో నూటికి పదా! ఇంకా పదిరోజులు ముసలావిడకి మందు చెప్పేదెవరు, గంజి తాగించేదెవరు, కుట్లు లాక్కోవద్దని చెప్పేదెవరు? అక్కసుతో మళ్ళీ పుస్తకం తెరిచింది. పరీక్ష నెగ్గినవాళ్ళ సంగతి చూసింది. వాళ్ళు పోలీసు విచారణ, రక్త పరీక్ష, రాజధాని ఆమోదం అయ్యేవరకు వార్డులో అడుగు పెట్టరాదు. సుమారు ఎనిమిది నెలలు. తర్వాత తప్పినవాళ్ళ సంగతి చూసింది. వాళ్ళు ఏ రోజైనా, ఎన్నిసార్లైనా తిరిగి పరీక్షకు హాజరు కావచ్చు. మొదటిసారి తర్వాత బోర్డు హాజరు అక్కర్లేదు. మార్కులు పరీక్షకుడే వేయును.

ఆమె ఆ పేజీని మూడుసార్లు చదివింది. పుస్తకం మూసి, కుర్చీలో వెనక్కి వాలి, చాన్నాళ్ళ తర్వాత పగలబడి నవ్వింది. చొక్కాలు విప్పుకుని నిలబడ్డ ఎక్స్‌రే వాళ్ళు హడలిపోయారు.

శుక్రవారం బోడెమ్మ మళ్ళీ పరీక్షకి కూర్చుంది. నూటికి పది. శనివారం కూర్చుంది. నూటికి పది. ఆదివారం సెలవైనా ప్రత్యేక పరీక్ష రాసి మరీ తప్పింది. అలా రోజూ హాల్‌టికెట్ పట్టుకుని వస్తూ, రోజూ తప్పుతూ, పదో రోజుకి ముసలావిడని లేపి నడిపించింది. పదకొండో రోజున సుంబారి తన కొండకి తను వెళ్ళిపోయింది.

వెనకాలే సాహు, దల్‌బహదూర్, మాంగీలాల్ పరీక్షలకి కట్టారు. రోగులే పరీక్షకులు. ఎవరికి ఎన్ని మార్కులు వెయ్యాలో నూకరత్నం ముందే వివరంగా చెప్పి ఉంచేది. ఆసుపత్రి మళ్ళీ కళకళలాడింది. వార్డుల్లో నాలుగు భాషలు. సాహు నవ్వు కూడా తిరిగొచ్చింది. ఏడాది చివర చిదానందమూర్తి నివేదిక పంపారు. ఎనిమిది వందల పరీక్షలు, ఒక్కరూ నెగ్గలేదు. ప్రమాణాల విషయంలో ఇంత కఠినంగా ఉన్న విభాగం ఇంకొకటి లేదని రాజధాని మెచ్చుకుంది.

అంతా బాగుందనుకుంటుండగా ఒక మంగళవారం ఘోరం జరిగిపోయింది. కొత్తగా చేరిన ఒడియా రోగి ఒకడు కాస్త చదువుకున్నవాడు. సాహు తనకి సాయం చేసిన తీరుకి కరిగిపోయి, నూకరత్నం చెప్పింది మరిచిపోయి, పట్టీ మీద సొంత దస్తూరీతో తొంభై అయిదు వేసేశాడు.

కబురు క్షణంలో వార్డులన్నీ చుట్టేసింది. సాహు తెల్లబోయిన మొహంతో నూకరత్నం బల్ల ముందు నిలబడ్డాడు. హాల్‌టికెట్ అప్పుడే గార్డు లాగేసుకున్నాడు.

"పాసైపోయాను మేడమ్" అన్నాడు ఏడుపు గొంతుతో. "ఐదో వార్డులో మావాడికి రేపు ఆపరేషన్. ఇప్పుడేం చెయ్యను?"

బోడెమ్మ చీపుళ్ళు వదిలేసి వచ్చి అతన్ని చెడామడా తిట్టింది. "ఏటి నాయినా నువ్వు! ఏడాది బట్టి నాను జాగర్తగా తప్పుకుంటూ వత్తన్నాను, నీకా మాత్రం తెలివి లేదా?"

నూకరత్నం ఇద్దర్నీ కూర్చోమంది. తెల్లకాయితం తీసి, కలం విదిల్చి, చిదానందమూర్తి గారికి దరఖాస్తు మొదలుపెట్టింది. పై విషయమును పురస్కరించుకొని మనవి చేయునదేమనగా, సదరు కైలాస్ సాహు తనకు పొరపాటున వచ్చిన మార్కులను తగ్గించి, దయతో తనను వెంటనే ఫెయిల్ చేయవలసినదిగా ప్రార్థించుచున్నాడు.